చేతులు కలుపు అణువులు

గోదావరి నీటిని దోసిట పట్టినపుడు, వ్రేళ్ల సందుల జారిపోవు ఆ ద్రవములో ఒక వల ఉన్నదని మనకు తోచదు. ఒక్కొక్క నీటి అణువు రమారమి నాలుగు పొరుగు అణువులను హైడ్రోజన్ బంధములతో పట్టుకొనుచు, విడచుచు ఉండును.

భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కూడి 1929లో ప్రకటించిన ఏ.టి.పి.లో అడినిన్ అను భాగము కలదు. డి.ఎన్.ఏ.లో అదే అడినిన్ థైమిన్‌ను ఇట్టి బంధములతోనే పట్టుకొనును.

1996లో అమెరికా శాస్త్రజ్ఞులు బంగారు నలుసులకు డి.ఎన్.ఏ. పోగులు తగిలించి, వానిని గుమిగూర్చిరి, వేడిచేయగా విడిపోయినవి. నలుసులు కూడినపుడు ఎర్రని ద్రావణము ఊదారంగు దాల్చును. జన్యువుల జాడ తెలియుటకు ఇది సాధనమైనది.

2013లో డి.ఎన్.ఏ.తోనే మూడు, నాలుగు చేతుల నక్షత్రములను చేసిరి. చల్లార్చగా అవి వలవలె అల్లుకొని ద్రవమైనవి. చేతులు తక్కువైన ద్రవము మరింత పలుచన. చేతుల లెక్క తెలిసిన, ద్రవము నడవడిని ముందుగా ఊహింపవచ్చును.