బాల్టిక్ అడుగున పాత బాకీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉత్తర ఐరోపాలోని బాల్టిక్‌ను ఎంచుకున్నాను. పాడైన సముద్రాన్ని బాగుచేయడం ఎంత కష్టమో దాన్ని చూస్తే తెలుస్తుంది.

బాల్టిక్ చుట్టూ తొమ్మిది దేశాలున్నాయి. బయటి సముద్రానికి దారి మాత్రం డెన్మార్క్ దగ్గరి ఇరుకు జలసంధులే. నీరంతా మారడానికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. నదుల నుంచి వచ్చే నీరు తేలిక కాబట్టి పైన ఉంటుంది, ఉప్పునీరు అడుగున ఉంటుంది. రెండూ సులభంగా కలవవు. అందుకే పైనున్న ఆక్సిజన్ అడుక్కి చేరడం కష్టం.

గత శతాబ్దంలో పొలాల ఎరువులు, పట్టణాల మురుగు ఇందులో చేరాయి. నత్రజని, భాస్వరం దొరికేసరికి నాచు విపరీతంగా పెరిగింది. నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడుతో ఒళ్లు పెంచుకుంటుంది. చచ్చాక ఆ కార్బన్‌తో సహా అడుక్కి దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. కిప్ పరికరం దగ్గర మనం ముక్కు మూసుకున్న వాయువు అదే!

అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. ఆక్సిజన్ ఉన్నంతకాలం బురదలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ పోతే ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి, పట్టు వదిలేస్తుంది. ఆ భాస్వరం పైకి వస్తే నీలి ఆకుపచ్చ నాచుకు పండగే. నత్రజనిని అది స్వయంగా స్థిరీకరించుకోగలదు. మళ్లీ నాచు, మళ్లీ కుళ్లు, మళ్లీ భాస్వరం. పాత బాకీకి వడ్డీ ఇలా పెరుగుతూనే ఉంటుంది.

1974లో తీరదేశాలు హెల్సింకిలో ఒప్పందం చేసుకున్నాయి. 2007లో కార్యాచరణ ప్రణాళిక వేసుకున్నాయి. మురుగు శుద్ధి వల్ల 1980ల నుంచి చేరే భాస్వరం బాగా తగ్గింది. అయినా లోతట్టు ప్రాంతాలు ఇంకా కోలుకోలేదు. 2014 డిసెంబరులో ఉత్తర సముద్రం నుంచి ఉప్పునీరు పెద్దఎత్తున వచ్చి ఆక్సిజన్ తెచ్చింది. అదీ ఎంతోకాలం నిలవలేదు.

మన బంగాళాఖాతం దక్షిణాన తెరిచి ఉంది కాబట్టి బాల్టిక్‌తో సమానం కాదు. కాని నదుల నీరు పైన పరుచుకుని పొరలు కట్టడం ఇక్కడా ఉంది. సుమారు 100 మీటర్ల దిగువన ఆక్సిజన్ ఇప్పటికే చాలా తక్కువ. మన పొలంలో ఎక్కువైన యూరియా, మన ఊరి మురుగు చివరికి చేరేది అక్కడికే.

గురువులకు ఒక విన్నపం. మన పిల్లలచేత ఊరి చెరువు నీటిలో ఆక్సిజన్ కొలిపించండి. వింక్లర్ పద్ధతికి బ్యూరెట్టు, కొన్ని రసాయనాలు చాలు. వాటి ఖర్చు మన సంఘం భరించాలని కోరుతున్నాను. ఏటా కొలిచి రాసిపెడితే, నీరు పాడయ్యే లక్షణాలు ముందే కనిపిస్తాయి. బాకీ పెరగకముందే జాగ్రత్తపడవచ్చు.