ముట్టుకోనివ్వని కంప్యూటర్: హైస్కూలు సైన్సు తరగతిలో మనం అడగాల్సిన లెక్క

(విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో ఫిజిక్స్ చెప్పాను. ఈ రోజు నన్ను మాట్లాడమన్నది హైస్కూలు సైన్సుకు అందుబాటులో ఉన్న కంప్యూటర్ పరికరాలు, సాఫ్ట్‌వేర్ గురించి. వినడానికి ఇదేదో టెక్నికల్ వ్యవహారంలా ఉంటుంది. ఏమేం ఉన్నాయో తెలియకపోతే ఏం అడగాలో తెలియదు కాబట్టి వాటి పేర్లు, పనులు కూడా చెబుతాను. కానీ నా అసలు మాట ఒకటే. బడికి కంప్యూటర్ వచ్చిందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనం మోసపోతాం. దాన్ని ఎవరి పిల్లలు చేత్తో ముట్టుకున్నారు, ఎంతసేపు ముట్టుకున్నారు, దానితో ఏం చేశారు? మనం తియ్యాల్సిన లెక్క ఇది.

బాబాసాహెబ్ జీవితం చదివినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. సాతారా బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. దాహమేస్తే కుళాయి తిప్పడానికి ప్యూన్ రావాలి, ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యడానికి ఆయన్ని నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, బల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు పరుగెత్తుకెళ్లి తీసేసుకున్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆ బడుల్లో కుళాయి ఉంది, నల్లబల్ల ఉంది. ఎవరైనా తనిఖీకి వచ్చి ఉంటే 'సౌకర్యాలు ఉన్నాయి' అనే రాసుకుని పోయేవారు.

ఇప్పుడు సైన్సు తరగతిలోకి వద్దాం. సైన్సు పాఠంలో కంప్యూటర్ ప్రధానంగా మూడు పనులు చేస్తుంది. ఒకటి, కొలుస్తుంది. రెండు, కంటికి కనబడని దాన్ని నమూనాగా చూపించి, దాన్ని మార్చి చూసే వీలిస్తుంది. మూడు, వీడియో ఆడిస్తుంది. మూడోది సులభం, చవక, ఫోటోల్లో బాగా కనబడుతుంది. మన బడుల్లో ఎక్కువగా జరిగేది అదే. మొదటిది దాదాపు జరగదు. విద్యార్థిని సైన్సు చేసే మనిషిగా నిలబెట్టేది ఆ మొదటిదే.

ఒక ఉదాహరణ చెబుతాను. పదో తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఉంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే గాల్వనామీటర్ ముల్లు కదులుతుందని పుస్తకం చెబుతుంది. 1831లో ఫారడే చూసింది కూడా ముల్లు కదలికే. మరి అయస్కాంతాన్ని తీగచుట్టలోంచి కిందికి జారవిడిస్తే ఏమవుతుంది? అది తీగచుట్టను దాటడానికి పట్టేది సెకనులో కొన్ని వందో వంతులే. అంత వేగాన్ని ముల్లు అందుకోలేదు, కొంచెం వణికి ఊరుకుంటుంది. అదే తీగచుట్టను కంప్యూటర్‌కు తగిలించిన చిన్న కొలత పెట్టెకు కలిపితే, తెర మీద రెండు శిఖరాలు కనబడతాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. అయస్కాంతం లోపలికి వస్తున్నప్పుడు ఒక దిశ, బయటికి పోతున్నప్పుడు వ్యతిరేక దిశ. రెండోది మొదటిదానికన్నా కాస్త ఎత్తుగా, సన్నగా ఉంటుంది. ఎందుకు? పడుతున్న అయస్కాంతం వేగం పెరిగింది కాబట్టి. లెంజ్ నియమం, ఫారడే నియమం, గురుత్వ త్వరణం, మూడూ ఒక్క గీతలో. పుస్తకంలో నాలుగు పేజీలు బట్టీ పట్టిన పిల్లలు, తమ చేతిలోంచి జారిన అయస్కాంతం గీసిన ఆ గీతను చూసినప్పుడు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఎత్తు పెంచితే ఏమవుతుంది, తిప్పి వదిలితే ఏమవుతుంది అని వాళ్లే మొదలుపెడతారు.

ఆ కొలత పెట్టె విదేశాల నుంచి రావాల్సినదేం కాదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో తయారైన ఎక్స్‌ప్‌ఐస్ అనే పరికరం అరచేతిలో పడుతుంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటుంది. వోల్టేజీ మారే తీరును తెర మీద గీస్తుంది, తరంగాలు పుట్టిస్తుంది, కాలాన్ని సూక్ష్మంగా కొలుస్తుంది. లోలకం ఆవర్తన కాలం, కెపాసిటర్ ఛార్జింగ్, డయోడ్ లక్షణాలు, ధ్వని వేగం, ఇలా హైస్కూలు నుంచి డిగ్రీ దాకా ప్రయోగాలు చెయ్యొచ్చు. ఖరీదు కొన్ని వేల రూపాయలు. దాని నమూనా, సాఫ్ట్‌వేర్ రెండూ బహిరంగమే. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, తయారు చేసుకోవచ్చు.

అది కూడా కొనలేని బడిలో టీచర్ జేబులోని ఫోనే పరికరం. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం 2016లో ఉచితంగా ఇచ్చిన ఫైఫాక్స్ యాప్ ఫోన్‌లోని మైకును, త్వరణ సెన్సారును కొలత సాధనాలుగా మార్చేస్తుంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠానికి రెండు ఫోన్లు చాలు. అయిదు మీటర్ల ఎడంగా పెట్టండి. చప్పుడు వినగానే మొదలై, మరో చప్పుడుకు ఆగే గడియారం రెండింటిలోనూ తెరవండి. మొదటి ఫోన్ దగ్గర ఒకరు, కాసేపాగి రెండో ఫోన్ దగ్గర మరొకరు చప్పట్లు కొడతారు. రెండు గడియారాల మధ్య తేడా సుమారు 29 మిల్లీసెకన్లు వస్తుంది. ధ్వని ఆ దూరాన్ని రెండుసార్లు దాటడానికి పట్టిన కాలం అది. పది మీటర్లను ఆ కాలంతో భాగిస్తే ధ్వని వేగం వచ్చేస్తుంది. వరండాలో అయిపోయే ప్రయోగం.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. వలయాలు, పరమాణు నిర్మాణం, ఆమ్లాలు, క్షారాలు, వక్రీభవనం అన్నీ ఉన్నాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తాయి. కటకాల కిరణ చిత్రాలను కదిలించి చూపడానికి జియోజీబ్రా ఉంది. ఆకాశాన్ని చూపే స్టెలేరియం ఉంది. విసిరిన బంతిని ఫోన్‌తో వీడియో తీసి, ఒక్కో ఫ్రేములో దాని స్థానం గుర్తించి గ్రాఫు గీసే ట్రాకర్ ఉంది. ఇవన్నీ బడి పైసా కట్టకుండా వాడుకోగలిగినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక. సిమ్యులేషన్‌ను నేను బాగా వాడాను, మెచ్చుకుంటాను. పరమాణువును చూపించడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ తెర మీది వలయంలో తీగ వదులు కాదు, బ్యాటరీ అరిగిపోదు, కొలతలో దోషం రాదు. నిజమైన వలయంలో బల్బు వెలగనప్పుడు ఎందుకు వెలగలేదో వెతకడమే సైన్సు. ఇప్పుడు 'వర్చువల్ ల్యాబ్' అన్న మాటను బల్ల, బీకరు, మీటరు లేని బడికి మందులా అమ్ముతున్నారు. ఫీజులు కట్టే పిల్లలకు నిజమైన ల్యాబు, దాని పక్కన సిమ్యులేషన్. హాస్టల్ పిల్లలకు సిమ్యులేషన్ ఒక్కటే. ఈ ఏర్పాటును మనం ఆధునికత అని ఒప్పుకోకూడదు. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చూపించిన తేడా గుర్తుచేసుకోండి: పనులు పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్ని మెట్ల వారీగా విడగొట్టడం వేరు. చేతి పనిని ఒక కులానికీ, పుస్తకాన్ని మరో కులానికీ కట్టబెట్టిన సమాజంలో ప్రయోగశాల అన్నది చెయ్యీ పుస్తకమూ కలిసే చోటు. కమ్మరి కొడుకు, బైండింగ్ దుకాణంలో పనిచేసిన కుర్రాడు ఫారడే అయ్యాడంటే, అతని చేతికి తీగలు అందాయి కాబట్టే.

మరి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదా? చేశాయి. 2004లో కేంద్రం బడుల్లో ఐసీటీ పథకం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో వేల హైస్కూళ్లకు ప్రైవేటు సంస్థల ద్వారా, అయిదేళ్ల ఒప్పందం మీద కంప్యూటర్లు, ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. ఒప్పందం ముగిశాక ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు. కంప్యూటర్ గది తాళం వేసుకుంది. నేను పనిచేసిన ఒక బడిలో ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే ఒక టర్ము పట్టింది. ఆ అయిదేళ్లలో కూడా కంప్యూటర్ అన్నది ఒక విడి సబ్జెక్టు, సైన్సు టీచర్‌కు సంబంధం లేదు.

2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఎంపికైన బడికి అయిదేళ్లలో 20 లక్షల రూపాయల దాకా. సెన్సార్లు, ఆర్డ్యూయినో బోర్డులు, 3డీ ప్రింటరు. బాగుంది. కానీ తొలి మార్గదర్శకాలు చదవండి. మైదాన ప్రాంతంలో దరఖాస్తు చెయ్యాలంటే బడికి 1500 చదరపు అడుగుల స్థలం, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ల్యాబు ముందే ఉండాలి. అంటే ఉన్న బడికే ఇంకొంచెం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. ఏ ట్యాబ్‌లోనైనా మైకు ఉంటుంది, చాలావాటిలో త్వరణ సెన్సారు ఉంటుంది. అది పిల్లల చేతిలో ఒక ప్రయోగశాల కావచ్చు. వీడియో పాఠాలతో నింపితే అది టీవీ అవుతుంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్క ప్రకారం 2023-24లో పనిచేసే కంప్యూటర్ ఉన్న బడులు దేశం మొత్తం మీద 57 శాతమే. ఆ 57 శాతంలో సైన్సు పీరియడ్‌లో ఎంతమంది పిల్లలు ఒక కొలత తీశారో ఆ అంకె చెప్పదు.

వేరే దారి లేకపోలేదు. కేరళ తన బడుల్లో ఉచిత సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుంది. బయటి ఇన్‌స్ట్రక్టర్ మీద ఆధారపడకుండా సబ్జెక్టు టీచర్లకే శిక్షణ ఇచ్చింది. లైసెన్సు ముగిసిపోయే బాధ లేదు, ఒప్పందం ముగిస్తే పోయే మనిషీ లేడు. మన తెలంగాణలోనూ టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎంఐటీ కలిసి చేసిన క్లిక్స్ కార్యక్రమంలో ప్రభుత్వ హైస్కూలు పిల్లలు తెలుగులో ఉన్న సైన్సు మాడ్యూళ్లు చేశారు. కాబట్టి 'మన పిల్లలకు కష్టం' అనే మాట చెల్లదు.

ఇక బడి లోపలి సంగతి. ఒక కంప్యూటర్ ముందు అయిదుగురు పిల్లలుంటే మౌసు ఎవరి చేతిలో ఉంటుంది? నేను ఏళ్ల తరబడి చూశాను. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడి చేతిలో, టీచర్‌తో తండ్రికి పరిచయం ఉన్నవాడి చేతిలో ఉంటుంది. హాస్టల్ పిల్లలు వెనక నిలబడి చూస్తారు, ఆడపిల్లలు అంకెలు రాసుకుంటారు. పీరియడ్ అయ్యాక తీగలు చుట్టి, గది ఊడ్చమంటే మాత్రం పిలుపు వెనక వాళ్లకే వస్తుంది. ఇది ఎవరో పనిగట్టుకుని చేసింది కానక్కర్లేదు. ఊరి అమరిక తనంతట తానే గదిలోకి నడిచి వస్తుంది. దాన్ని ఆపాలంటే పనిగట్టుకుని నియమం పెట్టాలి. నా తరగతిలో నాలుగు పనులు: పరికరం బిగించేవారు, కీబోర్డు దగ్గర ఉండేవారు, రాసేవారు, తప్పు వెతికేవారు. ప్రతి ప్రయోగానికీ పనులు మారతాయి, పేర్లు గోడ మీద ఉంటాయి. ఊడ్చే వంతు కూడా ఆ పట్టికలోనే, అందరికీ. దీనికి నిధులు అక్కర్లేదు.

మీరంతా విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు. మీ నుంచి నేను కోరేవి మూడు.

మొదటిది, లెక్క తియ్యండి. మీ ఊరి హైస్కూలు, మీరు చదివిన హాస్టల్ బడి. ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, గది తాళం ఎవరి దగ్గర, ఈ ఏడాది ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు చేత్తో పట్టుకున్నారు? సమాచార హక్కు కింద అడగండి, పిల్లల్ని అడగండి, రెండు జవాబుల మధ్య తేడా రాయండి. ఎంత మంచి పరిశోధనాంశమో ఆలోచించండి.

రెండోది, డబ్బు అడగండి. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ నిధులు మన పేరు మీద ఉన్నవి. ప్రతి సంక్షేమ హాస్టల్ బడికీ నాలుగైదు కొలత పెట్టెలు, ఒక పెట్టె సెన్సార్లు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో చేత్తో చేసే ప్రయోగ పరీక్ష లేదు కాబట్టి ల్యాబు గది గోదాముగా మారింది. దాన్నీ ప్రశ్నించండి.

మూడోది, భాష. ఫెట్ సిమ్యులేషన్లను ఏ భాషలోకైనా స్వచ్ఛందంగా అనువదించే వీలుంది. మీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లు నెలకు ఒకటి చేస్తే, రెండేళ్లలో హైస్కూలు సిలబస్ చాలావరకు తెలుగులో ఉంటుంది. గోండి, కోయ మాట్లాడే పిల్లల కోసం ఆ భాషలు వచ్చినవాళ్లు ముందుకు రండి.

రోహిత్ వేముల కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నాడని ఇక్కడున్న మీకు తెలుసు. అలాంటి కోరిక విశ్వవిద్యాలయంలో పుట్టదు, అంతకు చాలా ముందే హైస్కూల్లో, ఏదో ఒక బల్ల దగ్గర పుడుతుంది. మన పల్లెల్లో, మన వాడల్లో ఆ కోరికతో ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు. వాళ్ల చేతికి ఇంకా తీగలు అందలేదు. అందించే పని మొదలుపెడదాం. మీ జిల్లా బడుల లెక్కలు వచ్చాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం.

జై భీమ్.