పంటచేల నడుమ సంగీతోత్సవము

గత సంక్రాంతికి ముందు మా గ్రామ యువకులు పదిమంది మా యింటి అరుగుమీదికి వచ్చి, చెఱువు క్రింది మాగాణిలో కోత ముగిసిన పిమ్మట మూడు దినములు సంగీతోత్సవము జరుపుకొందుము, అనుమతింపుడని పెద్దలమైన మమ్ము కోరిరి. నాలుగు దిక్కులనుండి మేళగాండ్రు వత్తురట. గిటార్లు, డ్రమ్ములు, డప్పులు, కిన్నెరలు అన్నియు నొకే వేదికమీద వినిపింతురట. మేము గడియసేపైన ఆలోచింపక వలదంటిమి. గట్లు త్రొక్కుడుపడును, రాత్రులందు నిద్ర యుండదు, త్రాగుడు పెరుగును అని కారణములు చెప్పితిమి. వారు మారుమాటాడక లేచిపోయిరి. వాదించియుండిన నాకు చింత లేకపోయెడిది. ఆ మౌనమే నన్ను కలచివైచెను.

పట్టణమున ఉద్యోగము చేయు నా మేనల్లుడు ఈ సంగతి విని, "మామయ్యా, మీరు చూడని దానిని కాదంటిరి. ఒకమారు చూచివచ్చి, అప్పుడు కాదనుడు" అనెను. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను. అందుచే సెప్టెంబరు నెల చివర వానితోగూడ అరుణాచల ప్రదేశమునందలి జీరోలోయకు బోయితిని.

జీరో యనగా లెక్కలలోని సున్న కాదు, అది యొక ఊరిపేరు. సముద్రమట్టమునకు 1,500 మీటర్లకు పైబడిన ఎత్తున, చుట్టును పైను చెట్ల కొండలు గల విశాలమైన లోయ యది. అచ్చటివారు అపతానీలను గిరిజనులు. మన ఆదిలాబాదు గోండులకు ఆప్తుడైన హైమెండార్ఫ్ పండితుని పేరు మీలో పెక్కుమంది వినియుందురు. ఆయన 1944లో ఈ లోయకు బోయి అపతానీల జీవనమును పరిశీలించెను. వారినిగూర్చి 1962లో గ్రంథము ప్రకటించెను. ఆయన భార్య సమాధి మన మార్లవాయిలోనే యున్నది. కావున ఆ లోయ మనకు బొత్తిగా పరాయిది కాదు.

నేను సంగీతము వినుటకు బోయి మొదట సేద్యమును చూచితిని. అపతానీలు నాగలి కట్టరు, ఎద్దులను దింపరు. పారలతోడను, చేతులతోడను వరి పండింతురు. అడవి వాగుల నీటిని కాలువలద్వారా మళ్ళకు దెత్తురు. అదే నీటిలో చేపలను పెంచుదురు. గట్లమీద రాగులు వేయుదురు. ఒక మడిలో మూడు పంటలన్నమాట. మేము బోయిన దినములలో వరి పండి పసుపువన్నె తిరిగియుండెను. కోతకు కొన్ని దినములే యుండెను. ఆ పైరు నడుమనే సంగీతోత్సవము!

ఈ ఉత్సవమును 2012లో ఆ ప్రాంతీయుడగు బాబీ హానో, గిటారు వాదకుడగు అనూప్ కుట్టి యను వారు ప్రారంభించిరి. మన జాతరలతో పోల్చిన అది నిన్నటి బిడ్డ. నాలుగు దినములు జరుగును. చేలకు ప్రక్కగా నున్న పచ్చిక వాలుమీద జనులు కూర్చుందురు. వేదికలు రెండు: సూర్యుని పేర నొకటి, చంద్రుని పేర నొకటి. పగటి పాట మొదటిదానిమీద, రాత్రి పాట రెండవదానిమీద. రెండును స్థానికులు వెదురుతో కట్టినవే. అపతానీలు తమ యిండ్ల దాపుననే వెదురుతోపులు పెంచుకొందురు గనుక, దానికై వారు దూరము పోనక్కరలేదు.

ఇక సంగీతము మాట. దాచనేల? కొంత నాకు రుచించినది, కొంత రుచింపలేదు. ఒక కొండపడుచు గిటారు చేతబట్టి తన భాషలో పాడినప్పుడు, అర్థము తెలియకున్నను, మా తల్లి విసుఱుచు పాడిన తిరుగటిపాటలు జ్ఞప్తికి వచ్చినవి. రాజస్థానపు గాయకులు ఎత్తుకొన్నప్పుడు నా మోకాలిమీద నా చేయి తాళము వేయుటను మేనల్లుడు చూచి నవ్వెను. ఆ రాత్రియే నలుగురు యువకులు పిడుగులు పడినట్లు డ్రమ్ములు మ్రోగించగా, నేను చెవులలో దూది పెట్టుకొని లేచి వేదిక ప్రక్కకు బోయితిని.

అచ్చట నొక అపతానీ వృద్ధుడు నిలిచియుండెను. ఆయనకు నా వయస్సే యుండును. ఆయన పాటగాండ్రను చూచుట లేదు, వేదిక కాళ్లను చూచుచుండెను. మేనల్లుడు హిందీలో, "తాతగారూ, ఈ పాట మీకు నచ్చినదా?" అని యడిగెను. ఆయన, "పాట సంగతి పిల్లలు చూచుకొందురు. ఈ కట్లు వేసినది మేము. పైన గంతులు వేయుచున్నారు గదా, ఒక్క కట్టు సడలిన మా ఊరికి మాట వచ్చును" అనెను. అని మరల కట్లవైపు తిరిగెను.

సోదరులారా, నేను అంతదూరము బోయి తెచ్చుకొన్నది ఆ మాట యొక్కటే. ఆ వృద్ధునకు ఆ పాట నచ్చలేదు, అయినను ఆయన అచ్చట నుండెను. మాకు మా పిల్లల పాట నచ్చదని తోచినంతనే, అడిగిన స్థలము కాదని మేము ఇంటిలో కూర్చుంటిమి.

మఱునాటి తెల్లవాఱుజామున మంచులో మైదానమునకు బోయితిని. వచ్చినవారిలో కొందఱు పాఱవైచిన సీసాలు, కాగితములు గడ్డిలో నుండెను. ఊరి యువకులు సంచులు పట్టుకొని వానిని ఏఱుచుండిరి. ఏ ఉత్సవమునకైనను ఈ చీకు గలదు. దానిని ఏఱువారెవరో ముందే నిర్ణయమైనచో పొలము దక్కును.

ఆలోచించినచో అనేక మేళములు ఒక్క ఆరుబయట కూడుట మనకు క్రొత్త కాదు. నా చిన్నతనమున మా జాతరలో గుడివద్ద సన్నాయి మేళము, రావిచెట్టు క్రింద బుఱ్ఱకథ, బండలబాటమీద చెక్కభజన, తెల్లవార్లు తోలుబొమ్మలాట నడిచెడివి. పందిరి మనవారు వేసిరి, మేళగాండ్రకు మన యిండ్లలో అన్నము పెట్టితిమి. ఇప్పుడు పందిరి పట్టణమునుండి అద్దెకు వచ్చుచున్నది. మేళమునకు మాఱుగా ఇంటి యెత్తు పెట్టెలు లారీమీద వచ్చి, ఎవరో ఎక్కడనో పాడినపాటను గుండెలదరునట్లు అఱచుచున్నవి. వానికి మేము ఏనాడును వలదనలేదు! ప్రాణముగల మనుష్యులు వచ్చి వాయింతురనగా వలదంటిమి.

పాతవాద్యము క్రొత్తమేళములో ఇముడదనుటయు సరికాదు. మణిపురమునందలి నాగాజాతివాడగు రూబెన్ మషాంగ్వా తన పూర్వుల వెదురువేణువును బాగుచేసి గిటారుతో జతగూర్చెను. మరుగునపడుచున్న తన కొండపాటలను మరల నిలిపెను. ఆయనకు 2021లో పద్మశ్రీ లభించెను. మన కిన్నెరకును, డప్పునకును ఆ యోగ్యత లేదా?

కావున నా నిర్ణయము మార్చుకొంటిని. ఈ వారమే ఆ పదిమందిని మా అరుగుమీదికి పిలిచి మాగాణి యిత్తుమని చెప్పుదును. నాలుగు నియమములు మాత్రము పెట్టుదును. కోత యయి, కుప్పలు ఇల్లు చేరిన తరువాతనే ఉత్సవము. వేదిక మా ఊరి వడ్రంగులు, కూలీలు కట్టవలెను, వారికి న్యాయమైన కూలి ముట్టవలెను. మొదటి పాట మా ఊరి డప్పులది. పట్టణపు మేళమునకు ఏమి యిత్తురో వారికిని అదే యీవలెను. రాత్రి పదిగంటలకు మ్రోత ఆగవలెను, మఱునాటి మధ్యాహ్నమునకు పొలము శుభ్రము కావలెను. మద్యము మాట వేఱు. జీరోలో బియ్యపుకల్లు ఇంటి ఆచారము, మన ఊళ్లలో అది సంసారములను కూల్చుచున్నది. మైదానములోనికి దానిని రానీయరాదు. ఈ విషయమున యువకులు నాతో వాదింతురేమో. వాదింపనిండు.

తక్కిన పెద్దలు నన్ను తప్పుపట్టవచ్చును. వారితో నేననునది యొక్కటే. ఆ మూడు రాత్రులును మనము వేదిక ప్రక్కన కుర్చీలు వేసుకొని కూర్చుందము. పాట నచ్చిన విందము, నచ్చకున్న కట్లు సరిగా నున్నవో లేదో చూతము.