ట్యాలీ పద్దులను 'ఆర్' చేత చదివిద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తిలో నేర్చుకున్నది, పదిమందికి పనికొచ్చేది ఒక్కటి చెప్పు" అన్నారు నిర్వాహకులు. నేను చిన్న వ్యాపారులకు లెక్కలు చూసే మనిషిని. ఈ సభలో దుకాణాలు, మిల్లులు, నర్సింగ్ హోములు నడిపేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే మీ కంప్యూటర్లో ఇప్పటికే ఉన్న ట్యాలీ లెక్కలను 'ఆర్' అనే గణాంక భాషకు అందించి, వాటిలోంచి జవాబులు ఎలా రాబట్టవచ్చో చెబుతాను.

ట్యాలీని మీకు పరిచయం చేయనక్కర్లేదు. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా ప్రారంభించిన సంస్థ అది. మన తాతల కాలపు చిట్టా, ఆవర్జాల పనంతా అదే చేస్తోంది. ఇక 'ఆర్' న్యూజిలాండ్‌లో పుట్టింది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు దాన్ని తయారుచేశారు. 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఉచితం. ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు.

ట్యాలీ ఉండగా ఇంకొకటి ఎందుకని మీరు అడగవచ్చు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ట్యాలీ చక్కగా చెబుతుంది. ఆ బాకీ తీర్చే తీరు మూడేళ్లలో ఎలా మారిందో, ఎవరి దగ్గర మారిందో చూడాలంటే వేల బిల్లులను ఒకచోట పరచి పోల్చాలి. అక్కడ 'ఆర్' పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నాకు తెలిసిన అన్నదమ్ములిద్దరు ఎలక్ట్రికల్, శానిటరీ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నారు. అమ్మకాలు అన్నగారివి, ఊళ్లు తిరిగి వసూళ్లు తెచ్చేది తమ్ముడు. అమ్మకాలు ఏటేటా పెరుగుతున్నా బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మాత్రం తగ్గడం లేదు. "వసూళ్లు సరిగా చేయడం లేదు" అని అన్న, "కనబడ్డవాళ్లందరికీ అరువిస్తే నేనెక్కడ తిరగను" అని తమ్ముడు. మాట మాట పెరిగి, వేరుపడదామనే దాకా వచ్చి నా దగ్గరికి వచ్చారు.

ముందుగా ట్యాలీని, 'ఆర్'ను కలపాలి. ట్యాలీప్రైమ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, కనెక్టివిటీలో ఓడీబీసీని అనుమతించాలి. పోర్టు మామూలుగా 9000 ఉంటుంది. ట్యాలీ తెరిచి, కంపెనీని లోడ్ చేసి ఉంచితేనే ఇది పనిచేస్తుంది. అవతల 'ఆర్'లో డీబీఐ, ఓడీబీసీ అనే ప్యాకేజీలు వేసుకుంటే రెండు మూడు వరుసల ఆదేశంతో లెడ్జర్ పేర్లు, నిల్వలు పట్టికగా వచ్చేస్తాయి. ట్యాలీ డ్రైవరూ 'ఆర్' కూడా రెండూ 64 బిట్లవో, రెండూ 32 బిట్లవో కావాలి. కనెక్షన్ కుదరకపోతే ముందు చూసుకోవాల్సింది ఇదే.

బిల్లువారీ వివరాలకు డేబుక్‌ను ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఎగుమతి చేసుకుని, 'ఆర్'లోని ఎక్స్‌ఎంఎల్2 ప్యాకేజీతో చదివించడం మేలు. అందులో తేదీలు 20240401 అన్నట్టు ఎనిమిది అంకెలుగా వస్తాయి. డెబిట్ మొత్తాలకు మైనస్ గుర్తు ఉంటుంది. అది చూసి కంగారుపడకండి, ట్యాలీ పద్ధతే అంత. ఎక్స్‌ఎంఎల్ ద్వారా ట్యాలీలోకి ఎంట్రీలు పంపడం కూడా సాధ్యమే కనుక, మనకు కావలసింది చదవడం వరకే అని గుర్తుంచుకుని, ముందు బ్యాకప్ తీసుకోండి.

ఇక అసలు షరతు. వసూలు రాసేటప్పుడు అది ఏ బిల్లుకు చెందినదో 'అగైనెస్ట్ రిఫరెన్స్' కింద చూపించాలి. అంతా 'ఆన్ అకౌంట్' అని వేసేస్తే ఏ బిల్లు ఎన్ని రోజులకు తీరిందో ఏ భాషా చెప్పలేదు. ఈ అన్నదమ్ముల గుమాస్తా ఓపికగా ప్రతి వసూలునూ బిల్లుకు జతచేశాడు. ఆ రోజు మాకు దారి దొరికింది అతని వల్లే.

ప్రతి బిల్లుకూ తీరడానికి పట్టిన రోజులు లెక్కించాం. ఇక్కడ మన పదో తరగతి సాంఖ్యక శాస్త్రం అక్కరకొచ్చింది. ఐదు బిల్లులు 10, 12, 15, 18, 145 రోజుల్లో తీరాయనుకోండి. సగటు 40 రోజులు. మధ్యగతం 15 రోజులే. సగటు చూస్తే ఖాతాదారులందరూ ఆలస్యం చేస్తున్నట్టుంటుంది. మధ్యగతం చూస్తే ఆలస్యం ఒక్కచోటే ఉందని తెలుస్తుంది. "సగటు ఒక్కటే చూసి మోసపోకండిరా" అని మన లెక్కల మాస్టారు బోర్డు మీద చాక్‌పీసుతో కొట్టి మరీ చెప్పేవారు.

వాళ్ల లెక్కల్లో కనిపించింది సరిగ్గా అదే. చుట్టుపక్కల మండలాల చిల్లర దుకాణాలు మూడేళ్ల క్రితం ఎలా కట్టేవో ఇప్పుడూ అలాగే కడుతున్నాయి. అంటే తమ్ముడి తిరుగుడులో లోపం లేదు. పెరిగిన అమ్మకాల్లో ఎక్కువ భాగం కొత్తగా చేరిన కొద్దిమంది కాంట్రాక్టర్లది. వాళ్లు బిల్లు వచ్చాకే కడతారు. వాళ్లను తెచ్చి వ్యాపారం పెంచింది అన్నే, అందులో ఆయన శ్రమా అబద్ధం కాదు. గీత గీసిన బొమ్మ ఇద్దరి ముందూ పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అన్నగారే "వీళ్లకు హద్దు పెడదాంరా" అన్నారు. ఆ కాంట్రాక్టర్ల ఖాతాలకు ట్యాలీలోనే అరువు పరిమితి, గడువు పెట్టుకున్నారు. ఇప్పటికీ కలిసే ఉన్నారు.

ఇదే లెక్క మీరు ఇవ్వాల్సిన బాకీలకూ అవసరమే. 2023 ఫైనాన్స్ చట్టం 43బి సెక్షన్‌కు 'హెచ్' నిబంధన చేర్చింది. సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే ఆ ఖర్చు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే మినహాయింపుకు వస్తుంది. ఏ బిల్లు గడువు దగ్గరపడిందో 'ఆర్' ప్రతి సోమవారం జాబితా ఇచ్చేలా ఒక్కసారి రాసి పెట్టుకుంటే చాలు.

గురువులకు ఒక విన్నపం. ప్రపంచం గౌరవించిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితంలో ఎం.ఏ. చేసింది మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి దక్కింది. ఆ శాస్త్రం మన పిల్లలకు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మిగిలిపోకూడదు. బడి కంప్యూటర్ గదిలో 'ఆర్' వేయించండి. ఊళ్లోని దుకాణాల లెక్కలు, పేర్లు తీసేసి, పిల్లల చేతికివ్వండి. మధ్యగతం ఎందుకో వాళ్లే చెబుతారు.

నెలకో ఆదివారం వచ్చి నేర్పడానికి నేను సిద్ధం.