సీలు వేసిన సరుకుకు కాపలా ఎవరు?

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన దేశపు పాలపొడి, వెన్న, నెయ్యి ఓడలెక్కి పరాయి దేశాలకు పోతున్నాయి. ఫ్యాక్టరీ గేటు దాటిన కంటైనరు లారీ, రేవు, ఓడ, అవతలి గోదాము ఇలా ఎన్నో చేతులు మారుతుంది. చేయి మారిన ప్రతిచోటా దొంగతనానికి, కల్తీకి, నిషిద్ధ సరుకు దాచడానికి సందు ఉంటుంది. అందుకే 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ సరుకు భద్రతకు ఒక నియమావళిని ఆమోదించింది.

పని జరిగే తీరు చూద్దాం. సరుకు నింపే ముందు ఖాళీ కంటైనరును ఏడు చోట్ల పరీక్షిస్తారు: ఎదుటి గోడ, ఎడమ గోడ, కుడి గోడ, నేల, పైకప్పు, తలుపులు, బయటి అడుగుభాగం. దొంగ అర ఉంటే లోపలి కొలత తగ్గి పట్టుబడుతుంది. తర్వాత తలుపుకు బోల్టు సీలు వేసి, దాని నంబరు కాగితాలలో రాస్తారు. అందుకునేవారు సీలును కంటితో చూడాలి, నంబరు సరిపోల్చాలి, గుంజాలి, తిప్పాలి. మడతబందులు కూడా చూడాలి. సీలు ముట్టకుండా వాటిని ఊడదీసే దొంగలున్నారు.

అయితే సీలు పడకముందే చెడిన సరుకును ఏ సీలు కాపాడుతుంది? 2008లో చైనాలో జరిగింది ఇదే. నీళ్లు కలిపిన పాలలో మాంసకృత్తులు ఎక్కువున్నట్లు కనపడడానికి మెలమిన్ అనే రసాయనం కలిపారు. అప్పటి పరీక్ష కొలిచేది నత్రజనిని. మెలమిన్‌లో అది దండిగా ఉంటుంది. సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించారు. మన దేశంతో సహా అనేక దేశాలు చైనా పాల ఉత్పత్తులను నిషేధించాయి. తప్పు చేయని రైతు పాలు కూడా కొనే దిక్కులేక పారబోయవలసి వచ్చింది.

కాబట్టి ఈ కాపలా మన సంఘం గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ప్రతి సభ్యుని పాలకు శాంపిలు తీసిన తర్వాతే కలపండి. బల్క్ కూలరు గదికి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరున్నదీ పుస్తకంలో రాయండి. టాంకరు ఎక్కించే ముందు లోపల చూడండి. మూతకూ, వాల్వుకూ సీలు వేసి రెండు నంబర్లూ చీటీలో వేయండి. నంబరు తేడా వస్తే పాలు దించకుండా, వెంటనే డెయిరీకి తెలపండి. డ్రైవరు తెలిసినవాడే అని సరిపెట్టుకోవద్దు.

టాంకరులో పడ్డాక ఎవరి పాలు ఏవో విడదీయలేము. ఒక్క క్యాను చెడితే నష్టం అందరిదీ. మన పాలు తాగే బిడ్డ ఏ ఊరిలో, ఏ దేశంలో ఉన్నా, ఆ నమ్మకాన్ని నిలిపే బాధ్యత మనందరిదీ.