కంచె వేరు, కొళాయి వేరు



కువైట్‌లోని కబ్ద్‌లో ఉన్న గొర్రెల దొడ్లనే తీసుకుందాం. దొడ్డికీ దొడ్డికీ మధ్య కంచె ఉంది. నీళ్లు మాత్రం అన్నిటికీ ఒకే ట్యాంకువి అనుకోండి. కంచె ఎంత గట్టిదైనా ఒకడు కొళాయి తిప్పి వదిలేస్తే పక్కదొడ్డి ఎండిపోతుంది. ఒకే కంప్యూటర్లో పది అప్లికేషన్లు నడిపే కంటైనర్లకు కంచె వేయడం, కొళాయికి కొలత పెట్టడం అనే రెండు పనులూ ఉన్నాయి. చాలామంది కంచె వేసి ఊరుకుంటారు.

కంచె పాతదే. 1979 నాటి యూనిక్స్‌లోని ‘సీహెచ్‌రూట్’ అనే ఆదేశం ఒక ప్రోగ్రాముకు ఒక్క ఫోల్డరు చూపించి, నీ లోకమంతా ఇదే అనేది. లినక్స్‌లో 2002 నుంచి ‘నేమ్‌స్పేస్‌లు’ ఒక్కొక్కటే వచ్చాయి. ఇప్పుడు లోపలి ప్రోగ్రాముకు పక్కవాళ్ల ఫైళ్లు, నెట్‌వర్కు, చివరికి వాళ్ల ఉనికే కనబడదు.

కొళాయికి కొలత ఆలస్యంగా వచ్చింది. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో మొదలుపెట్టిన పని 2008 జనవరిలో ‘సీగ్రూప్స్’గా లినక్స్‌లో చేరింది. మెమరీ కొలత ఐబీఎం ఇంజనీరు బల్బీర్ సింగ్ రాశారు. ఈ కొలతల తీరు గమనించాలి. ప్రాసెసర్ వాటా దాటితే ప్రోగ్రాము తన వంతు కోసం ఆగుతుంది, అంతే. మెమరీ అలా కాదు. ఒక కంటైనర్‌లోని ప్రోగ్రాముల గుంపుకు 512 ఎంబీ పరిమితి పెట్టామనుకోండి. అది దాటబోతే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ముందు ఖాళీ చేయగలిగింది చేస్తుంది. చాలకపోతే ఆ గుంపులోనే ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. పక్కవాళ్ల జోలికి పోదు. 2013లో వచ్చిన డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ సులువుగా మూటగట్టి ఇచ్చింది. పేరంతా దానికే దక్కింది లెండి!

మీ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఈ కంచె ఆలోచనే ఉంది. ఒక్కో యాప్‌కు ఒక్కో యూజర్ నంబరు. ఇంటికి డబ్బు పంపే యాప్ తన గూట్లో దాచుకున్నది ఆటల యాప్ చదవలేదు.

అయితే ట్యాంకు ఒకటే, అంటే కెర్నెల్ ఒకటే. కంచె వేసే పనిముట్టులో లోపమున్నా ముప్పు అందరికీ. 2019 ఫిబ్రవరిలో కంటైనర్లను నడిపే ‘రన్‌సీ’ అనే పనిముట్టులో ఒక లోపం బయటపడింది. లోపలున్న దొంగ ప్రోగ్రాము కంచె దాటి మొత్తం యంత్రాన్నే చేజిక్కించుకోగలిగేది. వెంటనే సరిచేశారు. అంతకుముందే, 2018లో, అమెజాన్ ఫైర్‌క్రాకర్‌ను బయటపెట్టింది. అందులో ఒక్కొక్కరికీ సొంత కెర్నెల్‌తో చిన్న వర్చువల్ యంత్రం సెకనులోపే లేచి నిలబడుతుంది. అన్నీ మన ప్రోగ్రాములే అయితే కంటైనర్లు చాలు. ముక్కూమొహం తెలియనివాళ్ల కోడ్ నడపాలంటే మాత్రం నేను ఇలాంటి యంత్రాన్నే అడుగుతాను, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.