న్యాయవిద్యకు ముందు బి.కాం. – కళాశాలను ఎంచుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఏటేట ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన దినములలో రచ్చబండమీద ఒకటే చర్చ. ఇంజనీరింగునకు పోవువానికి దారి చెప్పువారు ఇంటికొకరున్నారు. వైద్యమునకు పోవువానికి వీధికొకరున్నారు. “ముందు బి.కాం., తరువాత లా” అను బిడ్డకు దారి చెప్పువారు అరుదు. ఆ యింటివారు వాదిగానో ప్రతివాదిగానో కోర్టు మెట్లెక్కి యుందురుగాని వకీలుగా ఎక్కియుండరు. కావున వారు కళాశాలను ఎంచుకొనునది బస్సుమీది ప్రకటన చూచియో, పొరుగూరి బంధువు మాట వినియో. ఈ యుపన్యాసము అట్టి కుటుంబముల కొరకు.

కామర్సునకు న్యాయమునకు పొత్తేమి యని కొందరడుగుదురు. పొత్తు క్రొత్తది కాదు. మనుస్మృతిలో రాజసభకు వచ్చు తగవులు పదునెనిమిది జాతులుగా విభజింపబడినవి. మొదటిది ఋణము. రెండవది నిక్షేపము, అనగా నమ్మి యొకరియొద్ద దాచిన సొమ్ము. మూడవది తనది కానిదానిని అమ్ముట. నాలుగవది పలువురు కూడి చేయు వ్యాపారము. తిట్లు, కొట్లు, దొంగతనములు వీని తరువాతనే వచ్చును. తిక్కన సమకాలికుడగు మూలఘటిక కేతన 13వ శతాబ్దమున మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినప్పుడు వ్యవహారమునకు ఒక కాండమునే కేటాయించెను. ధర్మమును తెలుగువాడు మొదటినుండియు లెక్కతో కలిపియే చదివినాడన్నమాట.

నేడును అంతియే. చెల్లని చెక్కును నేరముగా నెంచు 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చెను. దివాలా స్మృతి 2016లోను, వస్తుసేవల పన్ను 2017 జూలై 1నను వచ్చినవి. భాగస్థుల తగవు గానిండు, చిట్టీల తగవు గానిండు, భూసేకరణ పరిహారపు తగవు గానిండు, విప్పి చూచిన లోపల ఒక లెక్క కానవచ్చును. జమాఖర్చు చదువరాని వకీలు ఆడిటరు చెప్పినదానిని చిలుకవలె అప్పగించును. చదువవచ్చినవాడు ఆడిటరునే నిలదీయగలడు. బి.కాం. చదువునకు విలువ ఇచ్చటనే యున్నది.

ఇంటర్మీడియటు కాగానే నేరుగా న్యాయకళాశాలలో చేరి అయిదేండ్లలో రెండు పట్టములను పొందు మార్గమును కలదు. 1998లో హైదరాబాదున నెలకొన్న నల్సారు, 2008లో విశాఖపట్టణమున నెలకొన్న న్యాయ విశ్వవిద్యాలయము ఇట్టి చదువునకు పేరుపడినవి. వీనికి ‘క్లాటు’ అను అఖిలభారత పరీక్ష వ్రాయవలెను. న్యాయవాదియే కావలెనని పదునేడేండ్లకే గట్టిగా నిశ్చయించుకొన్న బిడ్డకు ఇది ఒక ఏడు మిగుల్చును. ఆ నిశ్చయము లేనివారికి మూడేండ్ల బి.కాం., ఆపైన మూడేండ్ల ఎల్‌ఎల్‌.బి. మేలు. నడుమ మనసు మారినను బ్యాంకు పరీక్షలు, ఎం.కాం., చార్టర్డు అకౌంటెన్సీ ఉండనే యున్నవి.

ఇక అసలు చిక్కు. నాలుగెకరముల మెట్ట, ఒక యెకరము మాగాణి గల రైతును తలచుకొనుడు. కూతురు ఇంటర్మీడియటులో సి.ఇ.సి. చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నది. పట్టణములోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఉదయపు బస్సులో పోయి సాయంత్రమునకు రావచ్చును. నగరమునందు అద్దముల మేడలో నడచు ప్రైవేటు కళాశాల మరియొకటి. దానికి ఫీజు, హాస్టలు కలిపి ఏటికి లక్షన్నర యగుననుకొనుడు. మూడేండ్లకు నాలుగున్నర లక్షలు. తండ్రి అర యెకరము మాగాణి అమ్మజూచుచున్నాడు. “పెద్ద పేరున్న కళాశాలలో చదివిన పెద్ద లా కాలేజీలో సీటు వచ్చును గదా” యని ఆయన ఆశ. తండ్రి ఆశను ఎవరును తప్పుపట్టరాదు. అయితే ఆ ఆశకు ఆధారమున్నదా యని కాగితము తీసి చూడవలెను.

రెండు తెలుగు రాష్ట్రములలోను మూడేండ్ల ఎల్‌ఎల్‌.బి. ప్రవేశమునకు ‘లాసెటు’ ద్వారము. దానికి కావలసినది ఏదైన ఒక డిగ్రీ. మార్కులు సాధారణ వర్గమునకు నూటికి 45, వెనుకబడిన తరగతులకు 42, షెడ్యూల్డు కులములకు, తెగలకు 40. పరీక్షలో 120 ప్రశ్నలు, తొంబది నిమిషములు. సామాన్యజ్ఞానము, బుద్ధిసామర్థ్యము కలిపి 30, వర్తమాన విషయములు 30, న్యాయాభ్యాసమునకు తగిన యోగ్యతను పరీక్షించునవి 60. అభ్యర్థి ఏ కళాశాల మెట్లెక్కి వచ్చెనని ఆ ప్రశ్నపత్రము అడుగదు. బెంగుళూరులోని జాతీయ న్యాయకళాశాల 2022లో మూడేండ్ల చదువును ప్రారంభించినప్పుడును సీట్లను ప్రవేశపరీక్షతోనే ఇచ్చెను. కొన్నిచోట్ల 45 కంటె ఎక్కువ మార్కులడుగుదురు గనుక డిగ్రీలో అరువదికి తగ్గకుండ చూచుకొనుట క్షేమము. ప్రవేశము మట్టుకు కళాశాల పేరునకు చెల్లుబాటు ఇంతకుమించి లేదు.

ఆ నాలుగున్నర లక్షలు ఇంకెక్కడ అవసరపడునో చూడుడు. బి.కాం. మూడేండ్లు, లా మూడేండ్లు. పిమ్మట బార్ కౌన్సిలులో పేరు నమోదు కావలెను. పట్టానిచ్చినందులకు వేలకు వేలు వసూలుచేయు వాడుక ఒకప్పుడు పలు రాష్ట్రములలో నుండెను. చట్టములో వ్రాసిన రుసుమునకు మించి, అనగా సాధారణ వర్గమువారికి 750 రూపాయలు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలకు మించి, పుచ్చుకొనరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పెను. తరువాత అఖిలభారత బార్ పరీక్ష. ఆపైన ఒక సీనియరు వద్ద జూనియరుగా నిలుచుట. ఈ కాలములోనే కుటుంబములు క్రుంగిపోవుచున్నవి. జూనియరునకు సీనియరు ఇచ్చునది పలుచోట్ల బస్సు ఛార్జీకి, కాఫీకి సరిపోవును. నల్లకోటు, పుస్తకములు, పట్టణమున గది అద్దె ఇంటినుండియే రావలెను. న్యాయాధికారి పదవి ఆశించువారు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ముందు మూడేండ్లు వకీలుగా పనిచేసి యుండవలెనని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పిన సంగతియు మరువరాదు. లెక్క మొత్తము తొమ్మిదేండ్లకు తేలినది. విత్తనములకే పెట్టుబడియంతయు ఊడ్చిపెట్టి కలుపు తీయించుటకు కూలి లేక గట్టుమీద కూర్చున్నవాని కథ ఈ గ్రామమునకు క్రొత్త కాదు.

అట్లని చవుకదియే ఎప్పుడును మంచిదని చెప్పుట కాదు. ప్రభుత్వ కళాశాలలో కామర్సు అధ్యాపకుల పదవులు ఖాళీగానుండి, పాఠములు పరీక్షల ముందు నోట్సుగా పంచిపెట్టబడుచున్నచో ఆ మిగులు మిగులు కాదు. బస్సు తప్పిన చీకటిలో నడచిరావలసిన ఆడబిడ్డ విషయమున హాస్టలు ఖర్చు ఖర్చు కాదు. ఇంకొకటి ఆంగ్లము. క్రింది కోర్టులలో తెలుగు వినవచ్చినను, హైకోర్టు, సుప్రీంకోర్టుల కార్యకలాపములు రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి ఆంగ్లములోనే నడచుచున్నవి. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు ఈ మూడేండ్లలో ఆంగ్లపు చట్టవాక్యమును విడదీసి అర్థము చెప్పుట నేర్పగల అధ్యాపకుడొకడు ఏ కళాశాలలోనున్నను ఆయనకొరకు కొంత అదనముగా చెల్లించుట న్యాయమే. మేడకొరకు చెల్లించుట మాత్రము కాదు.

చిన్న ఊరి చదువు తక్కువదని బెంగపడువారికి రెండు పేర్లు చెప్పిన చాలును. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలలో పట్టము పుచ్చుకొని మద్రాసులో లా చదివినవారు. కర్నూలు జిల్లా పెదపాడులో బీదయింట పుట్టిన దామోదరం సంజీవయ్యగారు అనంతపురపు ప్రభుత్వ కళాశాలనుండి మద్రాసు లా కాలేజీకి పోయి, 1960లో ముఖ్యమంత్రియైనారు. పైన చెప్పిన విశాఖ న్యాయ విశ్వవిద్యాలయము నేడు ఆయన పేరునే ధరించియున్నది. వీరిరువురు కామర్సు చదివినవారు కారు, నిజమే. ఇచ్చట ప్రశ్న ఊరి పేరును గురించి, కళాశాల గోడలను గురించి.

చేరకముందు కొన్ని కాగితములు చూడవలెను. కళాశాలకు ఏ విశ్వవిద్యాలయముతో అనుబంధమున్నదో, ఆ అనుబంధము ఈ ఏటికి చెల్లుచున్నదో అడుగవలెను. బి.బి.ఎ. అని చెప్పు కళాశాలకు 2024–25 విద్యాసంవత్సరమునుండి అఖిలభారత సాంకేతిక విద్యామండలి అనుమతియు కావలసివచ్చెను. అది కలదా యని అడుగవలెను. ఇంటర్మీడియటు చదువకుండ సార్వత్రిక విశ్వవిద్యాలయమున నేరుగా డిగ్రీ తీసికొన్నవారికి న్యాయవిద్యలో ప్రవేశమునకు బార్ కౌన్సిలు నియమములు అడ్డుపడును. ఈ సంగతి తెలియక మూడేండ్లు పోగొట్టుకొనరాదు. ఫీజు తిరిగి చెల్లించు ప్రభుత్వ పథకములు ఏలికలు మారినప్పుడెల్ల రూపు మారుచుండును గనుక ఆ ఏటి ఉత్తరువు చదివిన తరువాతనే ఆ సొమ్మును జమలో వేయవలెను.

తరువాత ఒక పనిదినమున, ప్రవేశముల సందడి లేనప్పుడు, తండ్రియు బిడ్డయు కలిసి రెండు కళాశాలలకును పోవలెను. ప్రిన్సిపాలుగారి గదిలో కూర్చుండుటకు ముందు రెండవ సంవత్సరపు తరగతి గది గుమ్మమువద్ద కొంతసేపు నిలుచుండి పాఠము జరుగుచున్నదో లేదో చూడుడు. పిదప గ్రంథాలయమునకు పోయి, కంపెనీల చట్టము, ఆదాయపు పన్ను, ఆడిటింగు పుస్తకములున్న బీరువా తెరువుమనుడు. ఒక్కొక్క పుస్తకము వెనుక అట్ట విప్పి, అందు అతికించిన చీటీమీద తేదీల ముద్రలు ఎన్ని కలవో, కడపటి ముద్ర ఏ సంవత్సరముదో చూచి వ్రాసికొనుడు.